రాత్రి బడి మొదటి రోజు: ముందు ఆటలా, ముందు అక్షరమా?

కొత్తపలక · ఆదివారం, సాయంత్రం 6:10

వచ్చే వారం మా ఊళ్లో వయోజన విద్యా కేంద్రం మొదలవుతోంది. పద్దెనిమిది మంది పేర్లు ఇచ్చారు. అందరూ ఆడవాళ్లే, ముప్ఫై రెండు నుంచి అరవై లోపు వయసు. పొలం నుంచి వచ్చి, వంట కానిచ్చి ఏడున్నరకు వస్తారు. అంగన్‌వాడీ గదిలో గంటన్నర తరగతి.

శిక్షణలో ఇచ్చిన కాగితంలో మొదటి రోజంతా పరిచయ ఆటలే రాశారు. బంతి విసురుతూ పేరు చెప్పడం, పేరుకు ముందు అదే అక్షరంతో ఒక మంచి మాట తగిలించడం, రెండు నిజాలు ఒక అబద్ధం చెప్పి అబద్ధమేదో కనిపెట్టమనడం. బెరుకు పోవాలంటే ఇవి తప్పవంటున్నారు. ఇదివరకు ఇక్కడ చదువు చెప్పిన పెద్దాయన మాత్రం "ఆటలకు ఎవరూ రారమ్మా, మొదటి రోజే బలపం పట్టించు" అంటున్నారు. ఎవరి మాట వినాలి? అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

రాత్రిబడి · ఆదివారం, రాత్రి 8:25

పెద్దాయన మాటే వినండమ్మా.

ఆ కాగితంలోని ఆటలు ఒకరికొకరు ముఖం తెలియని చోట పనికొస్తాయి. నాలుగు ఊళ్ల నుంచి వచ్చి ఒక హాల్లో కూర్చున్న ఉద్యోగులకు సరిపోతాయి. మీ పద్దెనిమిది మందీ ఏళ్ల తరబడి ఒకే బోరింగు దగ్గర నీళ్లు పట్టుకున్నవాళ్లు, ఒకే కూలి ముఠాలో నాట్లు వేసినవాళ్లు. ఆ గదిలో వాళ్లకు కొత్తవి రెండే: మీరు, పలక. బెరుకంతా ఆ రెంటి దగ్గరే ఉంటుంది.

"మీ పేరు చెప్పండి" అంటే చాలామంది నోట వచ్చేది పేరు కాదు. "ఫలానా వాళ్ల అమ్మని", "పడమటింటి కోడల్ని" అంటారు. అందరూ వరస పెట్టి పిలుచుకునే ఊళ్లో సొంత పేరు ఆధార్ కార్డులోనే ఉండిపోతుంది. అందుకని పక్కనున్నామె చేత చెప్పించండి. "మా వదిన పేరు నాగరత్నమండి" అని ఆమె చటుక్కున చెప్పేస్తుంది, ఎవరికీ ఇబ్బంది ఉండదు. భర్త పేరు మాత్రం అడగొద్దు. పెద్ద వయసు వాళ్లలో ఆ పేరు నోటితో పలకనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆమె తల దించుకుంటుంది, గదంతా ఆమె వంకే చూస్తుంది. ఇంటిపేరూ అడగొద్దు. అది కులం అడిగినట్టే.

బంతి ఆట వద్దు. పగలంతా వంగి పనిచేసిన నడుముకి బంతి కోసం ఎగబడే ఓపిక ఉండదు. పైగా అత్తాకోడళ్లు ఒకే తరగతిలో ఉంటారు. ఒకరి ముందు ఒకరు ఓడిపోయే ఆట ఏదైనా సరే మొదటి రోజు పెట్టకూడదు.

రెండు నిజాలు ఒక అబద్ధం ఇంకా ప్రమాదం. ఎవరి నిజం ఎవరికి తెలియదు ఊళ్లో? అది అప్పుల మీదికో, మొగుడి తాగుడు మీదికో వెళ్లి, ఇంటికెళ్లాక తగువవుతుంది.

ఆ మూడింటిలో కాస్త గింజ ఉన్నది పేరుకు మాట తగిలించే ఆటలో. దాన్ని ఇలా మార్చుకోండి. ఒక మాట మెల్లగా అంటూ ముక్కముక్కకీ చప్పట్లు కొట్టించండి. మజ్జిగ: మ, జ్జి, గ, మూడు చప్పట్లు. చింతపండు: చిం, త, పం, డు, నాలుగు. సున్నను దాని ముందు అక్షరంతో కలిపి లెక్కిస్తే, రాసినా అన్నే గుర్తులు వస్తాయి, తెలుగు లిపికి ఉన్న గొప్ప వీలు అది. అక్షరం రాని పెద్దవాళ్లకు "మ్" వేరు "అ" వేరు అని విడదీసి చెబితే ఎక్కదు గానీ, మాటను అక్షరాలుగా విరవడం వెంటనే వస్తుంది. ఒక్క జాగ్రత్త: ఫోన్, బోర్ లాంటి, చివర పొల్లు అక్షరం ఉన్న మాటలు ఆ రోజు తేవద్దు. చప్పట్లు ఒకటి, రాస్తే గుర్తులు రెండు. ఉన్న నమ్మకం అక్కడ పోతుంది. పది మాటలు చాలు, అయిదు నిమిషాలు. ఆ తర్వాత బలపం.

చెరువుగట్టు · ఆదివారం, రాత్రి 9:40

రాత్రిబడి గారూ, ఆటల గురించి మీరు చెప్పింది సబబే. "ఆ తర్వాత బలపం" అన్నచోట మాత్రం ఒప్పుకోలేను.

పలక ఒళ్లో పెట్టగానే ఏం జరుగుతుందో మీకూ తెలుసు. "కొడవలి పట్టిన చెయ్యమ్మా, దీనికి రాదు" అంటారు. వేళ్లు బిగుసుకుంటాయి, బలపం విరుగుతుంది, పక్కవాళ్లు చూస్తున్నారేమోనని కొంగు కప్పుకుంటారు. మర్నాడు ఆమెకు పని తగులుతుంది, మూడో రోజు పిల్లాడికి జ్వరం. తరగతికి వచ్చిన మనిషి మొదటి అరగంటలో తనకు రానిదాన్ని చూపించుకోవాల్సి రావడం అన్యాయం. ముందు తనకు వచ్చినదాన్ని చూపించే వీలు ఇవ్వాలి.

దానికి పొడుపు కథలను మించినది లేదు. మొదటిది మీరు వెయ్యండి, బాగా తేలికది: "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు." కనురెప్పలు అని ముగ్గురు ఒకేసారి అంటారు. రెండోది వెయ్యకండి. "మీకు తెలిసినది ఒకటి వేసి నన్ను ఓడించండి" అని ఊరుకోండి. కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ మౌనాన్ని మీరు నింపితే ఆట పోయినట్టే. సాధారణంగా పెద్దావిడ ఒకామె మొదలుపెడుతుంది. "అమ్మ కడుపున పడ్డాను, అంత సుఖాన ఉన్నాను, నీచే దెబ్బలు తిన్నాను, నిలువునా ఎండిపోయాను, నిప్పుల గుండం తొక్కాను, గుప్పెడు బూడిదైనాను" అని పిడక కథ వేస్తుంది. మీకు తెలిసినా ఆలోచించండి. తెలియకపోతే మరీ మంచిది, ఓడిపోయానని ఒప్పుకోండి. పంతులమ్మకు తెలియనిది తమకు తెలుసని వాళ్లు చూడాలి.

చివర్లో మీరు వెయ్యాల్సినది ఇది: "తెల్లని మడిలో నల్లని విత్తనాలు, చేత్తో చల్లుతారు, నోటితో ఏరుకుంటారు." విత్తనం చల్లడమంటే చేతితో తెలిసిన మనుషులు. జవాబు అక్షరాలు అని వాళ్ల నోటి నుంచే వస్తుంది, చాలామంది చిన్నప్పటి నుంచీ విన్నదే. అది వచ్చాక పలక తియ్యండి. అప్పుడు ఆ పలక వాళ్ల మాటలోంచి వచ్చిన వస్తువు అవుతుంది.

రాత్రిబడి · ఆదివారం, రాత్రి 10:05

ఆ చివరి కథ దగ్గర నేను ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను. దాన్ని నా వరసలో పెట్టుకుంటాను.

అయితే గడియారం చూడండి. పొడుపు కథలు మొదలైతే ఆగవు. ఏడున్నర అన్న తరగతికి అందరూ చేరేసరికి ఏడూ యాభై. ఎనిమిదీ ముప్పావుకి చంటిపిల్లల తల్లులు లేస్తారు. చేతిలో ఉన్నది యాభై అయిదు నిమిషాలు. కథలకు పదిహేను, అంతే. ఇంటికెళ్లగానే "ఏం నేర్పారు?" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. చూపించడానికి పలక మీద ఒక్క అక్షరమైనా లేకపోతే, రేపు వెళ్లడానికి ఆమె దగ్గర సమాధానం ఉండదు.

మెతుకుసీమ · సోమవారం, ఉదయం 7:15

మీరిద్దరు ఒక సంగతి మరుస్తున్నరు. అక్షరం రానోళ్లని మనం పేరు పెట్టినం గని, వాళ్లు గుర్తువట్టే అచ్చు మస్తుంటది. సబ్బు కవరు, బిస్కెట్ పుడ, రేషన్ కార్డు, బస్సు బోర్డు, అన్నిటికన్న ముందు నోటు. మా దిక్కు పొదుపు సంఘంల ఉన్న ఆడోళ్లు నెలనెల పైసలు లెక్కవెట్టేటోళ్లే. అందుకే నోటుతోని మొదలువెట్టాలె.

ఆరు పది రూపాయల నోట్లు మీరే తీస్కపోవాలె, ముగ్గురికి ఒకటి. వాళ్లను తెమ్మనొద్దు, ఆ పూట చేతిల లేనోళ్లు ఉంటరు. నోటు ఎన్కకు తిప్పితె పదిహేను భాషల పట్టీ ఉంటది. "ఇండ్ల మన తెలుగు ఏదో చెప్పుండ్రి" అని అడగాలె. జర సేపు చూస్తరు, గుండ్రంగ ఉన్నయన్ని చూపిస్తరు. కన్నడం సుత మన తీర్గనే ఉంటది, కాబట్టి దాన్ని చూపిస్తె తప్పు అనొద్దు, "దగ్గరికొచ్చినవ్ అక్కా" అనాలె. కింది నుంచి రెండోది తెలుగు, అన్నిటికన్న కింద ఉర్దూ. "పది రూపాయలు" అని రాసి ఉంటది. ఎన్నడు చదవకున్నా ఆ అక్షరాలు ఏం చెప్తున్నయో వాళ్లకు ఎరుకే. అండ్లకెళ్లి "ప" తీసి పలక మీద వెయ్యాలె. ఆటేంది, చదువేంది అన్న పంచాదే ఉండదు. పోయేముందు ఆరు నోట్లు అందరి ముంగట లెక్కవెట్టి తీస్కోవాలె, ఎవరి మీద మాట రావద్దు.

పలకాబలపం · సోమవారం, ఉదయం 9:30

నోటు ఆలోచన బాగుంది మెతుకుసీమ గారూ. కానీ పది రూపాయల నోటు వెనక పట్టీలో అక్షరం చీమంత ఉంటుంది. నలభై దాటాక చత్వారం వస్తుంది, దగ్గరి చూపు తగ్గుతుంది. బల్బు వెలుతురులో అది అసలు కనిపించదు. కనిపించక ఊరుకున్నామెను రాక ఊరుకుందని మనం అనుకుంటాం, అదే ఆమె కూడా అనుకుంటుంది. రాత్రి బళ్లలో "నా బుర్రకు ఎక్కదు" అనే మాట వెనక చాలాసార్లు కంటి సంగతే ఉంటుంది.

అందుకే నేను మొదటి రోజు పెట్టమనేది సూదీ దారం. నాలుగు మామూలు చేతికుట్టు సూదులు, దుప్పటి కుట్టే లావు సూదులు వద్దు. తెల్లదారం, నల్లదారం రెండూ ఉంచండి. నలుగురేసి వంతున ఎక్కించాలి. మీరు చూడాల్సింది ఎవరు ముందు ఎక్కించారన్నది కాదు. సూదిని చాచిన చేతి దూరంలో పట్టుకునేది ఎవరు, తలను వెనక్కి లాగేది ఎవరు, "లైటు చాల్లేదు" అనేది ఎవరు, మెల్లగా పక్క అమ్మాయికి అందించేది ఎవరు. ఆ నాలుగు గుర్తుల్లో ఏది కనిపించినా పేరు రాసుకోండి. కంటి పరీక్ష ఎక్కడ చేయించవచ్చో కనుక్కుని, వారంలోపు దగ్గరి చూపు అద్దాలు ఇప్పించండి. అద్దాలు లేకుండా నెల చదువు చెప్పినా దండగ. సూదులు లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోండి, అందరూ నేల మీదే కూర్చుంటారు.

వెలుతురు సంగతి కూడా: బల్బు వెనక ఉంటే రాసే చేతి నీడ సరిగ్గా అక్షరం మీదే పడుతుంది. కుడిచేతి వాటం వాళ్లకు వెలుగు ఎడమ నుంచి రావాలి. కరెంటు పోతే పనికొచ్చే చార్జింగ్ లైటు ఒకటి దగ్గర ఉంచుకోండి.

చెరువుగట్టు · సోమవారం, ఉదయం 10:10

ఆట అని చెప్పి పరీక్ష పెట్టడం నాకు నచ్చలేదు. వాళ్లు చిన్నపిల్లలు కారు. "కళ్లద్దాలు ఎవరికి కావాలో చూద్దామమ్మా" అని చెప్పి చెయ్యండి. దాపరికం తర్వాత తెలిస్తే మీ మీద నమ్మకం పోతుంది.

పలకాబలపం · సోమవారం, ఉదయం 10:45

ముందే చెబితే కనిపించనివాళ్లు కూడా కనిపిస్తోందనే అంటారండి. కోడలి ముందు కళ్లు పోయాయని ఒప్పుకునే అత్త ఎక్కడుంది? ఎక్కించడం అయిపోయిన మరుక్షణం "ఇది ఇందుకు పెట్టాను" అని అందరికీ చెప్పేయండి. పేర్లు మాత్రం ఒక్కొక్కరికి విడిగా చెప్పండి. అంతకంటే నేను దిగను.

ఎర్రమట్టి · సోమవారం, మధ్యాహ్నం 1:20

ఇంత చర్చలో అసలు సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఒకరికొకరు తెలిసినవాళ్లే, పరిచయం అక్కర్లేదు అని రాత్రిబడి గారు రాశారు. తెలుసు నిజమే. ఎవరు ఎవరి పక్కన కూర్చోరో కూడా తెలుసు. ఊరి వీధుల వాళ్లు గోడవారగా చాప మీద కూర్చుంటారు. కాలనీ వాళ్లు గుమ్మం దగ్గర, ఒక్కోసారి మెట్టు మీద. మీరు ఏమీ అనకపోతే మూడో రోజుకు ఆ చోట్లు ఖాయమైపోతాయి. అక్కడి నుంచి బోర్డు కనిపించేది ఎవరికి, మీ చూపు పడేది ఎవరి మీద, ముందు మానేసేది ఎవరు? మొదటి రోజు ఆట అంటూ ఒకటి ఉంటే అది ఈ వరసను చెదరగొట్టడానికే ఉండాలి.

ఎర్రవి, పచ్చవి, నల్లవి దారపు ముక్కలు ఆరేసి ఒక డబ్బాలో వేసి తీయించండి. ఒకే రంగు వచ్చినవాళ్లు ఒక జట్టు. నోటు చూసినా, సూది ఎక్కించినా ఆ జట్టుగానే.

రాత్రిబడి · సోమవారం, మధ్యాహ్నం 2:00

మీ బాధ నాకు అర్థమవుతోంది, మీరు చెప్పిన చోట్ల సంగతి అక్షరాలా నిజం. కానీ మొదటి రోజే చీటీ తీసి కలిపి కూర్చోబెడితే రెండో రోజు ఒక వీధి మొత్తం రాదు. ఏ వీధో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పది రోజులు ఆగి, ఒకరి పలక ఒకరు దిద్దుకునే పని పెట్టి కలిపితే నిలుస్తుంది.

ఎర్రమట్టి · సోమవారం, మధ్యాహ్నం 2:30

పది రోజులు గుమ్మం దగ్గర కూర్చోవాల్సింది మాత్రం మళ్లీ వాళ్లే కదా. ఆ వీధి రాకపోతే మీరు వెళ్లి పిలుచుకు వస్తారు. వీళ్లు రాకపోతే "పని ఉందేమో" అనుకుంటారు.

సరే, చీటీ వద్దంటే కనీసం ఇవి చేయండి. విడివిడి చాపలు వెయ్యకండి, ఒకటే పెద్ద టార్పాలిన్ గది నిండా పరచండి, గుమ్మం దగ్గర కూర్చోవడానికి చోటు మిగలకుండా. గుండ్రంగా కూర్చోమనండి, బోర్డు వాడకండి, మీరు కూడా కింద కూర్చోండి, అందరికంటే ముందు మీరు వెళ్లి గుమ్మం పక్కన కూర్చోండి. నీళ్లు ఒకటే బిందె, ఒకటే గ్లాసు, మొదట మీరు తాగండి. ఇంకోటి: గుడి అరుగు మీదా, ఒక కులం వాళ్ల హాల్లోనూ ఎప్పుడూ పెట్టొద్దు. అంగన్‌వాడీ ఎంచుకోవడం మంచి పని.

చెరువుగట్టు · సోమవారం, సాయంత్రం 5:15

ఎర్రమట్టి గారి మాటకు నా వంతు బలం. చదువుకు ముందు మాట అని నేను పట్టుబట్టేదీ ఇందుకే. బ్రెజిల్లో పాలో ఫ్రెయిరీ అనే విద్యావేత్త 1963లో ఆంజికోస్ అనే ఊళ్లో సుమారు మూడు వందల మంది కూలీలకు నలభై గంటల్లో చదువు నేర్పించే పని చేపట్టినప్పుడు, తరగతిని కాకుండా గుండ్రంగా కూర్చునే బృందాన్ని పెట్టాడు. ముందు బొమ్మ చూపించి వాళ్ల బతుకు గురించి మాట్లాడించి, ఆ మాటల్లోంచే అక్షరాలు తీశాడు. మన నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో జరిగింది అందరికీ తెలుసు. దూబగుంటలో అక్షరాస్యతా కేంద్రాలకు వచ్చిన ఆడవాళ్లు సారా గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ ఉద్యమమే పెరిగి 1993 అక్టోబరులో సారా నిషేధం వరకు వెళ్లింది. ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకున్న గంట వృథా ఎప్పుడూ కాలేదు.

రాత్రిబడి · సోమవారం, రాత్రి 8:50

నెల్లూరు సంగతి మీరు తెచ్చింది బాగుంది, కానీ అది నా వైపే మాట్లాడుతుంది. అక్కడ కదిలించింది మొదటి రోజు కబుర్లు కావు. అక్షరాలు వచ్చాక చదివిన వాచకంలో తమ బతుకే పాఠంగా కనిపించింది, దాని మీద మాట పుట్టింది. ఫ్రెయిరీ కూడా మాట దగ్గర ఆగలేదు, నలభై గంటలని లెక్క పెట్టుకున్నాడు. మాట్లాడించడం మొదటి రోజుతో అయిపోయే పని కాదు, రోజూ పది నిమిషాలు దానికి ఉంచండి.

ఇంకొకటి, లెక్కల్ని మరిచిపోకండి. ఇప్పుడు ఉల్లాస్ అనే కేంద్ర ప్రభుత్వ వయోజన విద్యా పథకం కింద పెట్టే పరీక్ష 150 మార్కులకు: చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50. చింతపిక్కలు ఒక గిన్నెలో పెట్టి ఒక్కొక్కరినీ గుప్పెడు తీయమనండి, ఎన్నుంటాయో ముందు అంచనా చెప్పమని, తర్వాత లెక్కపెట్టమనండి. జతలుగా లెక్కించేవాళ్లు, అయిదేసి పోగులు పెట్టేవాళ్లు, నాలుగేసి పుంజీలుగా లెక్కించేవాళ్లు మీకు కనిపిస్తారు. "తొమ్మిది పుంజీలూ రెండు" అన్నామెకు ముప్ఫై ఎనిమిది అని అంకె రాయడం రాదు గానీ నాలుగో ఎక్కం వచ్చు. అది రాసుకోండి. ఇది రెండో రోజు పెట్టుకోండి, మొదటి రోజు చోటు లేదు.

పలకాబలపం · సోమవారం, రాత్రి 9:35

మొదటి రోజు ఏ అక్షరం అన్నదానికి నా మాట: ఎవరి పేరులోని మొదటి అక్షరం వాళ్లకు.

ఒక చార్టు షీటును అడ్డంగా మూడు, నిలువుగా ఆరు భాగాలుగా కోస్తే సరిగ్గా పద్దెనిమిది చీటీలు వస్తాయి. లావు మార్కరుతో అక్షరం నాలుగు సెంటీమీటర్ల ఎత్తు రాయండి. మొదటి అక్షరం ఎర్ర రంగు, మిగతావి నలుపు. ఆధార్‌లో ఉన్న పేరు, పిలిచే పేరు వేరైతే ఏది కావాలో ఆమెనే అడగండి.

ఇక్కడ పప్పులో కాలేసే చోట్లు మూడు. లక్ష్మి అనే పేరు ప్రతి తరగతిలోనూ నలుగురికి ఉంటుంది, దాని రెండో అక్షరంలో క కింద ష, దాని కింద మ, పైన గుడి, అన్నీ పేరుకుని ఉంటాయి. మొత్తం పేరు రాయించబోతే ఆమె ఆ రోజే చేతులెత్తేస్తుంది. "ల" ఒక్కటి రాయించండి, మిగతా పేరు చూసి గుర్తుపడితే చాలు. రెండు: ప, వ, మ ఒకే పోలికలో ఉంటాయి. పద్మ, వరమ్మ, మంగ పక్కపక్కన కూర్చుంటే ఒకరి చీటీ ఒకరు తీస్తారు. వెతికించేటప్పుడు ఆ చీటీలను దూరంగా పెట్టండి. మూడు: కొందరు బ్యాంకు కోసం సంతకం నేర్చుకుని ఉంటారు. గబగబా పేరంతా గీసేస్తారు. మధ్యలో అక్షరం మీద వేలు పెట్టి ఇదేమిటంటే చెప్పలేరు, అది వాళ్లకు ఒక బొమ్మ. ఆ సంగతి అందరి ముందు బయటపెట్టొద్దు. "మీకు వచ్చు కదమ్మా, పక్కామెకు చూపించండి" అనండి.

కొత్తపలక · మంగళవారం, రాత్రి 7:40

అందరికీ చాలా కృతజ్ఞతలు. నేను అనుకుంటున్న వరస ఇది. చాపలు వేయను, టార్పాలిన్ తెచ్చాను. ఏడున్నర నుంచి వచ్చినవాళ్లు వచ్చినట్టు సూదీ దారం, ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం ఎదురుచూసే ఇరవై నిమిషాలు దానికి సరిపోతాయి. ఏడూ యాభైకి పేర్లు పక్కవాళ్ల చేత. తర్వాత పదిహేను నిమిషాలు పొడుపు కథలు, చివరిది అక్షరాల కథ. అయిదు నిమిషాలు చప్పట్లు. ఎనిమిదింబావు నుంచి చీటీలు, మొదటి అక్షరం పలక మీద. నోటు, చింతపిక్కలు రెండో రోజు. దారపు ముక్కల జట్ల గురించి ఇంకా తేల్చుకోలేదు.

ఎర్రమట్టి · మంగళవారం, రాత్రి 8:05

సూదులు నాలుగే, నలుగురేసి వంతు. ఆ నలుగురూ ఎవరన్నది మీ చేతిలోనే ఉంది. ఎవరూ చీటీ తీయక్కర్లేదు. గుమ్మం వైపు నుంచి ఇద్దరినీ, గోడ వైపు నుంచి ఇద్దరినీ మీరే పేరు పెట్టి పిలవండి. దారం ఎక్కకపోతే పక్కామె ఎక్కించి ఇస్తుంది.

రాత్రిబడి · మంగళవారం, రాత్రి 8:30

దానికి నాకు అభ్యంతరం లేదు.

అమ్మా, పలకలు కొత్తవైతే ఒక పని ముందురోజే చేసుకోండి. కొత్త పలక మీద బలపం జారుతుంది, గీత పడదు. తన చేతిదే తప్పనుకుని గట్టిగా నొక్కుతారు. బలపాన్ని అడ్డంగా పట్టుకుని పలకంతా రుద్ది, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి, రెండుసార్లు. పద్దెనిమిది పలకలకు గంట పడుతుంది. బలపాలు ముప్ఫై ఆరు తీసుకెళ్లండి, సగం విరుగుతాయి.